అదే విధంగా

నూకరత్నం మేడం మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకునేసరికి గోడ గడియారంలో పదకొండయింది. ఉపన్యాసం ఒక గంట, ఆ తర్వాత ప్రశ్నలు. రెండేళ్ళు ఆగినదాన్ని ఇంకో గంట ఆగలేనా, ఆగుతాను. మూడో వరసలో చివరి కుర్చీ ఎంచుకున్నాను, లేచి నిలబడితే హాలంతటికీ కనిపించేలా, కూర్చున్నంతసేపూ మాత్రం ఆమె కంట పడకుండా. నా ముందాయన భుజాలు వెడల్పు, అది కూడా చూసుకునే కూర్చున్నాను. అరకులో ఈ రిసార్టు కట్టినప్పట్నుంచి రోజూ దీని ముందునుంచే డుంబ్రిగుడ బస్సులో కాలేజీకి పాఠాలు చెప్పడానికి వెళ్తుంటాను గానీ లోపలికి రావడం ఇదే మొదటిసారి. కిటికీ అవతల వలిసె చేను పచ్చగా విరగబూసింది, అందులోకి దిగి ఫొటోలు తీసుకుంటున్నవాళ్ళ కేకలు అద్దాల్లోంచి సన్నగా వినిపిస్తున్నాయి, ఆ చేను ఎవరిదో వాళ్ళకి తెలియదు, తొక్కుతున్నారు. లోపల ఎనభైమంది లెక్కల లెక్చరర్లు. బ్యానర్ మీద ఆమె ఫొటో, ఆమె పేరు, ఆమె యూనివర్సిటీ, కింద ఈ రోజు విషయం: అవిచ్ఛిన్న ప్రమేయాల సమాకలనులకు మధ్యమ విలువ సిద్ధాంతం, దాని విస్తరణ. ఆ విస్తరణ నాది.

ఎంత నెమ్మదిగా మొదలుపెడుతుందో చూడు, ఎప్పుడూ అంతే, మొదటి పది నిమిషాలు చిన్నపిల్లలకి చెప్పినట్టు చెబుతుంది, అందుకే క్లాసులో ఆమెంటే అందరికీ ప్రాణం, నాకూ ప్రాణమే అప్పట్లో. అరకులో పొద్దున ఆరు డిగ్రీలుందనుకోండి, అంటోంది, మధ్యాహ్నానికి ఇరవై రెండు. ఉష్ణోగ్రత మధ్యలో గెంతదు, తెగకుండా పెరుగుతుంది, తెగకుండా తగ్గుతుంది. రోజంతటికీ సగటు కట్టండి. ఆ సగటు ఎంతైనా సరే, సరిగ్గా అంతే వేడి ఉన్న క్షణం ఆ రోజులో ఒకటి ఉండితీరుతుంది. మీన్ వాల్యూ థీరం అంటే అంతే. కొన్ని గంటలకి ఎక్కువ బరువు, కొన్నిటికి తక్కువ బరువు ఇచ్చి సగటు కట్టినా అంతే, ఆ బరువులు రుణ సంఖ్యలు కాకపోతే చాలు. తలలూపుతున్నారు. నేను మా కాలేజీ పిల్లలకి ఇదే మాట ఇదే వరసలో చెబుతాను, దుప్పట్లు కప్పుకుని మొదటి పీరియడ్‌కి వచ్చి కూర్చుంటారు, వాళ్ళకి ఆరు డిగ్రీలంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. చెబుతున్నప్పుడల్లా నా నోట్లోంచి ఆమె గొంతు వస్తుంది. దాన్ని వదిలించుకోలేకపోయాను. జుట్టు ముడి మార్చుకున్నాను, చీరలు మానేశాను, ఆమె ఇచ్చిన పెన్ను పారేశాను, గొంతు మాత్రం పోలేదు.

స్లైడు మారింది. తెర మీద రంగులరాట్నం.

అది కూడానా. "నా చిన్నప్పుడు తీర్థంలో రంగులరాట్నం ఎక్కాను," అంటోంది నవ్వుతూ, "కళ్ళు తిరిగి అమ్మ మీద వాంతి చేసుకున్నాను," హాలంతా నవ్వింది. ఆ తీర్థం సాలూరుది. ఆ రాట్నం ఎక్కింది నేను, ఆ వాంతి మా అమ్మ చీర మీద నాది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు రాస్తున్న రోజుల్లో వాళ్ళింటి వంటగదిలో నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చెప్పాను ఆమెకి. వేడికైతే ఒకే సంఖ్య మేడం, మనిషి ఉన్న చోటు చెప్పాలంటే రెండు కావాలి కదా, తూర్పుకెంత, ఉత్తరానికెంత అని. రాట్నం మీద తిరిగేవాడి చోటుకి సగటు కడితే నడిమధ్య ఇనప స్తంభం దగ్గర తేలుతుంది, కానీ వాడు ఒక్క క్షణం కూడా అక్కడ లేడు. అంటే సిద్ధాంతం అక్కడ చచ్చిపోయినట్టేనా? ఒక్క క్షణం చాలకపోతే రెండు తీసుకుందాం, గుర్రం ఇటున్న క్షణం, సరిగ్గా ఎదురుగా అటున్న క్షణం, ఆ రెండిటి మధ్య స్తంభం దొరుకుతుంది. గుండ్రటి దారికే కాదు మేడం, నేల మీద ఏ దారైనా సరే, తెగకుండా నడిస్తే చాలు, ఎన్ని వంకర్లు తిరిగినా రెండు చోట్లతో సగటు దొరుకుతుంది. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "మల్లీ సెప్పే గుంటా," అంది. ఇంట్లో ఆమె మాట్లాడేది అలాగే, ఆడపిల్లని గుంట అంటుంది, అనకాపల్లి పక్క పల్లెటూరు ఆమెది, యూనివర్సిటీలో మాత్రం అచ్చు పుస్తకంలా మాట్లాడుతుంది. నాతోనే అలా మాట్లాడుతుందని ఎంత పొంగిపోయేదాన్నో. చదువుకున్న ఏ మనిషీ నాతో తన ఇంటి భాష మాట్లాడలేదు అంతకు ముందు.

పక్క కుర్చీలోకి ఎవరో ఆలస్యంగా వచ్చి కూర్చున్నారు. ముప్పై లోపు అమ్మాయి, కళ్ళజోడు, మెడలో సెమినార్ ట్యాగు, ఊపిరాడక ఆయాసపడుతోంది. "అద్దాల పెట్టె రైల్లో వచ్చానండీ, బొర్రా దగ్గర అరగంట ఆపేశాడు," అని నా చెవిలో చెప్పి, "రంగులరాట్నం అయిపోయిందా?" అని అడిగింది. ఆమెకి తెలుసు. అంటే ఇది చాలాచోట్ల చెప్పిన కథ. ఎన్ని ఊళ్ళలో వాంతి చేసుకుంది నా చిన్నతనాన్ని ఈవిడ.

నిరూపణ చెబుతోందిప్పుడు, మొదటి సిద్ధాంతానికి. మూడు పేజీలు, ఒక్కో వరస నాకు కంఠస్థం. సగటు చుట్టూ దారిలో మూడు చోట్లు తీసుకో, మూడు ఇళ్ళనుకో. ఒక్కో ఇంటికీ సరిగ్గా ఎదురు దిక్కున, సగటు దగ్గర మొదలుపెట్టి అవతలికి ఒక కంచె వేసుకుంటూ పో. మూడు కంచెలు, మూడు వాటాలు, ఒక్కో ఇల్లు ఒక్కో వాటాలో పడుతుంది. ఈ ఇంటినుంచి ఆ ఇంటికి తెగకుండా నడిచేవాడు ఎక్కడో ఒక కంచె దాటాలి కదా, గాల్లో ఎగరడు కదా. దాటిన ఆ చోటు, ఆ కంచె ఎవరిదో ఆ ఇల్లు, ఆ రెండూ చాలు, సగటు వాటి నడుమే ఉంటుంది. కంచె అనే మాట కూడా మార్చలేదు. నాకు మలేరియా జ్వరంలో తట్టిన మాట అది. నూట నాలుగు జ్వరం, హాస్టల్లో అందరూ సెలవులకి పోయారు, ఆమే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది, మూడు రోజులు నా మంచం పక్కనే కుర్చీలో కూర్చుంది, తడిగుడ్డ వేసింది, ఒణుకుతూ కంచె కంచె అంటున్నానని నవ్వింది, అన్నీ నిజమే. ఆ నిజమే నన్ను ఎక్కువ కాలుస్తోంది. ఊరూపేరూ తెలియనివాడు దోచుకుంటే ఇంత పగ ఉండేది కాదు.

జ్వరం తగ్గాక ఆ మూడు పేజీలూ రాసిన నోటు పుస్తకం ఆమె చేతికిచ్చాను. ఇంకా పచ్చిగా ఉందే, నా దగ్గరుంచు, అంది. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో బల్లకి అవతల ఆమే కూర్చుంది, ముందు ఉద్యోగం చూసుకోమ్మా, పరిశోధన ఎక్కడికీ పోదు, అంది, నిజమే, ఎక్కడికీ పోలేదు, ఆమె దగ్గరికే పోయింది. మరుసటేడు వ్యాసం వచ్చింది, ఒక్క పేరుతో. చివర్న చిన్న అక్షరాల్లో కృతజ్ఞతలు: భర్తకి, పిల్లలకి, టైపు చేసిపెట్టినందుకు కుమారి పాంగి సోనికి. నేను ఏమీ టైపు చెయ్యలేదు. నాకు అప్పటికి టైపు రాదు. పాడేరు బస్టాండులో నిలబడి ఫోన్ చేశాను. ఆమె తడబడలేదు, అబద్ధమూ ఆడలేదు. "నీ పేరెడితే ఎవుడు సదువుతాడే గుంటా? నా పేరు మీదయితే లోకంలోకెల్తాది. లెక్క బతకాలా, నీ పేరు బతకాలా, నువ్వే సెప్పు," అంది ముద్దుగా. ఫోన్ పెట్టేశాను. లెక్క బతకాలి అనే అనుకున్నానేమో ఒక నిమిషం, అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

రెండో సిద్ధాంతం వస్తోంది. గడియారం పదకొండు ముప్పై ఐదు. ఇది ఆమె సొంతం. నేల మీద దారికి రెండు చోట్లు చాలినట్టే, ఎత్తు కూడా కలుపుకుని ఆకాశంలో తిరిగే దారికీ రెండు చాలు, ఎన్ని దిక్కులున్న లోకంలోనైనా రెండే చాలు. నిరూపణ ఒక్క వాక్యం, ఇంగ్లీషులో ఒక్క మాటతో మొదలవుతుంది, తెలుగులో చెప్పుకుంటే "అదే విధంగా". నాకు మూడు పేజీలూ మూడు రోజుల జ్వరమూ పట్టినదాన్ని ఆమె ఒక్క మాటతో లోకమంతటికీ చాపేసింది. రెండు సంవత్సరాలు నేనూ నమ్మాను. నమ్మడం కాదు, ఆమె అంత పెద్ద మాట అంటే నిజమే అయ్యుంటుందని ఊరుకున్నాను. ఆ పత్రిక చూసినవాళ్ళూ అంతే.

ఆ తర్వాత ఒక దసరా సెలవుల్లో మా ఊళ్ళో, ఇంటి ముందు చోళ్ళ గింజలు ఆరబోస్తూ మా నాన్నని చూస్తున్నాను. నాన్న పేరు గాసి, జీలుగు చెట్లెక్కి కల్లు దించుతాడు. మా ఇంటికి తూర్పున గెడ్డ, ఉత్తరాన పోడు చేను, వాకిట్లో జీలుగు చెట్టు. పొద్దున గెడ్డకెళ్ళి నీళ్ళతో వచ్చాడు, చేనుకెళ్ళి వచ్చాడు, చెట్టెక్కి దిగాడు. ఏ పనికి వెళ్ళినా మళ్ళీ వాకిలికే వస్తాడు, అక్కణ్ణుంచే ఇంకోటి. "ఏటలా సూత్తన్నావు?" అన్నాడు. నీ సగటు ఎక్కడుందో చూస్తన్నాను నాన్నా, అన్నాను. "నానిక్కడే ఉన్నాను గదే," అన్నాడు. నా చేతిలో చోళ్ళు జారిపోయాయి. తూర్పు కొంత, ఉత్తరం కొంత, ఎత్తు కొంత, సగటులో మూడూ ఉన్నాయి. రెండు చోట్లే ఎంచుకుంటే ఒకటి గెడ్డ దారిలో, ఒకటి చేను దారిలో, మరి ఎత్తేదీ? చెట్టూ గెడ్డా తీసుకుంటే ఉత్తరమేదీ? ఎలా ఎంచినా ఒకటి మిగిలిపోతుంది. రెండు చాలవు. మూడు కావాలి. ఆమె సిద్ధాంతం తప్పు. చోళ్ళలో అలాగే కూలబడి నవ్వాను, మా అమ్మ భయపడిపోయింది, ఎవరో ఏదో చేశారనుకుని మంత్రం వేసే గురువుని పిలిపిస్తానంది.

వారం తిరక్కుండా సరైనది నిరూపించాను. ఎన్ని దిక్కులో అన్ని చోట్లు, తక్కువైతే చాలకపోవచ్చు, ఎక్కువ అక్కర్లేదు. పత్రికకి పంపొచ్చు. పంపితే ఏమవుతుంది, ఎక్కడో ఒక మూల చిన్న సవరణగా అచ్చవుతుంది, ఆమె ఇంట్లో కూర్చుని ఒంటరిగా చదువుకుంటుంది, చీర సర్దుకుని క్లాసుకి పోతుంది. నాకు అది వద్దు. నాకు ఆమె ముఖం కావాలి. పదిమంది ముందు, మైకు ముందు, ఆ నవ్వు సగంలో ఆగిన ముఖం. దాని కోసం రెండేళ్ళు ఆగాను, కాగితాలు ట్రంకుపెట్టె అడుగున పెట్టి, ఆమె ఎక్కడ మాట్లాడుతుందో పేపర్లలో వెతుక్కుంటూ. చివరికి ఆమే మా కొండెక్కి వచ్చింది.

పక్కమ్మాయి గబగబా రాసుకుంటోంది. నేను చూడటం చూసి పుస్తకం నావైపు తిప్పింది. "నా పేరు పావని అండీ. మేడం దగ్గరే పీహెచ్‌డీ. నా థీసిస్‌లో మూడో అధ్యాయం నుంచి చివరిదాకా ఈ రెండో థీరం మీదే నిలబడింది. వచ్చే నెల్లో సబ్మిట్ చేస్తున్నా." ఎప్పుడు మొదలుపెట్టారు, అని అడిగాను. "మూడో అధ్యాయమా, రెండేళ్ళయిందండీ. పెళ్ళి కూడా వాయిదా వేయించా దీనికోసం, మా వాళ్ళు నన్ను తిట్టని రోజు లేదు," అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ అమ్మాయి ఎక్కణ్ణుంచి వచ్చింది నా లెక్కలోకి. కొట్టాల్సినదాన్ని కొడితే మధ్యలో ఈమెకి తగులుతుంది. ఆగిపోనా. బయటికి పిలిచి చెప్పనా, మేడంతో మీరే చూసుకోండి అననా. అప్పుడు మేడం గదిలో తలుపులు వేసుకుని సర్దుకుంటుంది, ఇంకో నోటు పుస్తకం, ఇంకో గుంట, ఇంకో ముద్దు మాట. లేదు. ఈ రోజు తప్పిపోతే నేను ఇలాగే ముసలిదాన్నైపోతాను. పావని వైపు చూడటం మానేసి గడియారం వైపు చూశాను. రెండు నిమిషాలు తక్కువ పన్నెండు.

అధ్యక్షుడిగా కూర్చున్నది యర్రయ్యగారు, రిటైరైన పెద్ద ప్రొఫెసరు, గంటసేపూ కళ్ళు మూసుకునే విన్నాడు. చప్పట్లయ్యాక ప్రశ్నలున్నాయా అన్నాడు. లేచాను. మేడం నన్ను చూసింది, ఒక్క క్షణం, తర్వాత ముఖమంతా వెలిగిపోయింది. "అరె, సోనీ! ఈ అమ్మాయి నా శిష్యురాలండీ. ఈ కొండల్లోంచి వచ్చి నా దగ్గర ఎమ్మెస్సీ చేసింది. ఒకసారి చప్పట్లు కొట్టండి," అంది. కొట్టారు. ఆ చప్పట్లు పూర్తయ్యేదాకా ఆగాను. ఒక్కటి కూడా పోనివ్వలేదు.

"మేడం, ఆ మూల చూడండి," అన్నాను, వేదిక పక్కన రెండు గోడలూ నేలా కలిసేచోటు చూపించి. "ఒక చీమ ఆ మూలనుంచి ఈ గోడ కింది అంచున మీటరు దూరం వెళ్ళి వెనక్కొచ్చింది. ఆ గోడ కింది అంచున మీటరు వెళ్ళి వచ్చింది. మూలలోనే పైకి మీటరు ఎక్కి దిగింది. ఒకే వేగం. ఎక్కడా తెగలేదు. దాని సగటు చోటు మూడు వైపులా ఆరో వంతు మీటరు దూరంలో, గాల్లో ఉంటుంది. చీమ నడిచిన దారిలో ఏ రెండు చోట్లు తీసుకుని గీత కలిపినా, ఆ గీత ఈ గోడకో, ఆ గోడకో, నేలకో అంటుకునే ఉంటుంది. గాల్లోకి రాదు. మీ రెండో సిద్ధాంతం ఆ రెండు చోట్లు ఉన్నాయంటోంది. అవి చూపించండి."

హాలు హాలంతా ఆ మూలకి తిరిగింది. ముందుగా యర్రయ్యగారు కళ్ళు తెరిచాడు, వేలితో గాల్లో మూడు గీతలు గీసుకున్నాడు, "హా," అన్నాడు మెల్లగా. మేడం ఇంకా నవ్వుతూనే ఉంది, ఆ నవ్వు కొంచెం కొంచెంగా దేని మీద నిలబడిందో తెలియకుండా పోయింది. అది నేను కళ్ళతో తాగాను. దాచుకోను, దాహం తీరేలా తాగాను. బోర్డు దగ్గరికి వెళ్ళింది, మార్కరు తీసింది, మూడు గీతలు గీసింది, ఆగింది. తర్వాత మైకులోకి వచ్చి, అచ్చు పుస్తకం భాషలో, "నిజానికి ఈ పని నా విద్యార్థిని ప్రాజెక్టులోంచి వచ్చింది. ఆమె నోట్సులోనే ఈ పొరపాటు ఉన్నట్టుంది," అంది.

యర్రయ్యగారు ముందుకు వంగాడు. "ఏ విద్యార్థిని?"

ఆమె కళ్ళు నా మీదికి వచ్చాయి. వెనక్కి పోవడానికి దారి లేదని అప్పుడు చూసుకుంది. "ఈ అమ్మాయే," అంది.

"మొదటి సిద్ధాంతం నాది సార్," అన్నాను. "మూడు పేజీలూ నావే, రాట్నం నాదే. అది సరైనది. 'అదే విధంగా' అన్న మాట దగ్గర్నుంచి మేడంగారిది."

"మొదటిది ఈ అమ్మాయిదేనామ్మా?" అని అడిగాడాయన. అవునండీ, అంది మేడం. అంతమందిలోంచి ఎవరో ఫోను పైకెత్తి తీస్తున్నారు.

భోజనాలకి లేచారు. నలుగురైదుగురు నా చుట్టూ చేరారు, ఏ కాలేజీ, ఎక్కడ ప్రచురించారు అని. మేడం నా పక్కనుంచే బయటికి వెళ్తూ ఆగింది. ముఖంలో రంగు లేదు. ఇంటి భాషలో, నాకొక్కదానికే వినపడేలా, "నీకు జొరమొచ్చినపుడు మూడు రోజులు కూకున్నానే," అంది. "మర్సిపోనేదు మేడం," అన్నాను, "అదీ ఉంది, ఇదీ ఉంది." వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ ఊహించుకున్నదానికన్నా పొట్టిగా కనిపించింది వెనకనుంచి. నాకు జాలి కలగలేదు. కలగాలేమోనని కాసేపు చూశాను, కలగలేదు.

పావని కుర్చీలోనే ఉంది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, ఆ మూలకేసే చూస్తోంది, చీమ నిజంగా అక్కడ ఉన్నట్టు. నేను పక్కన కూర్చున్నాను. "మూడో అధ్యాయం పూర్తిగా పోదండీ," అన్నాను, "రెండు చోట్ల బదులు మూడు పెట్టుకుంటే మీవి చాలావరకు నిలబడతాయి. ఎన్ని దిక్కులుంటే అన్ని. అది నేను నిరూపించాను."

ఆమె నావైపు తిరిగింది. కళ్ళజోడు తీసింది. "మళ్ళీ రాసుకోవడానికి ఏడాది పడుతుంది నాకు. మీ నిరూపణ రాయడానికి మీకెంత పడుతుంది?"

"రాసే ఉంది."

"ఎప్పుడు రాశారు?"

అబద్ధం చెప్పొచ్చు. పోయిన నెల్లో అంటే సరిపోతుంది. ఎదురుగా ఖాళీ వేదిక, తెర మీద ఇంకా ఆ చివరి స్లైడు. "రెండేళ్ళయింది," అన్నాను.

పావని వేళ్ళ మీద ఆ నెలలు లెక్కపెట్టుకుంది. తర్వాత పుస్తకం సంచిలో పెట్టుకుని, నా మోకాళ్ళు తగలకుండా జాగ్రత్తగా పక్కకి తిరిగి, వరస దాటి వెళ్ళిపోయింది.